కలకత్తా పెరడు

కలకత్తా వెళ్ళిన తెలుగువాడు చూసి రావలసినవి ఎప్పటినుంచో నిర్ణయమై ఉన్నాయి. హౌరా వంతెన, కాళీఘట్టం, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, పొద్దు మిగిలితే మ్యూజియంలో ఉన్న ఈజిప్టు శవం. ఇవన్నీ గంగకు అటో ఇటో ఉన్నవే. తూర్పువైపుకు ఎవరూ పోరు. అక్కడ చూడదగినది ఏమున్నదయ్యా అని అడిగితే చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంటుంది. మురుగునీరు ఉన్నది.

ఊరి పేరు 2001లో కోల్‌కతాగా మారింది, నిజమే. అయినా మా జిల్లాలో చేపల లారీ మీద కూర్చునే క్లీనరు కుర్రవాడు ఇప్పటికీ "కలకత్తా లోడు" అనే అంటాడు. నేనూ వాడి మాటనే వాడుకొంటాను.

మొన్న సంక్రాంతి సెలవులలో నేను ఆ ఊరు వెళ్ళినది ఒక స్థలం చూడడానికి. మా బావగారు అక్కడ ఒక బ్యాంకులో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నారు, మార్చిలో విరమిస్తారు. ఏలూరు దగ్గర మా నాన్నగారి ఎకరమున్నర పొలం అమ్మగా వచ్చిన సొమ్ములో అక్క వాటా, నా వాటా ఇంకా విడదీయకుండానే ఉన్నాయి. నగరానికి తూర్పున బైపాస్ రోడ్డు దాటిన తరువాత చవకగా ఒక స్థలం వస్తున్నదనీ, ఆ సొమ్ముతో అది కొని పడేస్తే పదేళ్ళలో ఇద్దరమూ ఒడ్డున పడతామనీ బావగారి లెక్క. మధ్యవర్తి ఎవరో ఫోటో కూడా పంపాడు. ముందు గడ్డి, దాని వెనుక కొబ్బరిచెట్టు, దాని వెనుక తళతళలాడే నీళ్ళు. కింద "లేక్ వ్యూ" అని రాశాడు.

అక్కావాళ్ళు ఉండేది బైపాస్ పక్కనే, పదకొండో అంతస్తులో. దిగిన సాయంత్రమే బాల్కనీలో నిలబడి తూర్పుకు చూశాను. మేడల వరస ఠక్కున ఆగిపోయింది. ఆవల కనుచూపు మేర నీళ్ళు, నీళ్ళ మధ్య సన్నని గట్లు, గట్ల మీద తాటాకు గొడుగుల్లాంటి గుడిసెలు. నాకు క్షణకాలం మా కొల్లేరు గుర్తుకువచ్చింది.

"ఎంత అందంగా ఉన్నదక్కా!" అన్నాను.

"అందమా, పాడా! అవి మన స్నానాలగదుల్లోంచి పోయిన నీళ్ళు నిలిచే చెరువులురా. వాటిలో చేపలు పెంచి మళ్ళీ మనకే అమ్ముతారు. ముప్ఫై ఏళ్ళయింది నేనిక్కడికి వచ్చి, ఒక్కనాడు కొన్న పాపాన పోలేదు. నేను ఆంధ్రా చేపే కొంటాను" అన్నది అక్క కొంత గర్వంగా.

ఆంధ్రా చేప అంటే మన కైకలూరులోనో, ఆకివీడులోనో, భీమవరం పక్కనో పట్టి, ఐసుముక్కల మధ్య పేర్చి, లారీకెత్తి, వెయ్యికి పైగా కిలోమీటర్లు మోసుకొని వచ్చి హౌరా చేపల బజారులో దింపినది. శీలావతి, బొచ్చె. బెంగాలీవాడు తినే చేపలో మనవాటా చాలా ఉన్నది. నా తరగతిలో పెద్దన పద్యం వింటూ కునికిపాట్లు పడే పిల్లలలో సగంమంది తండ్రులకు చేపల చెరువులే ఆధారం. కనుక అక్క మాటకు నేను అడ్డుచెప్పలేదు.

బావగారికి ఒక స్నేహితుడున్నారు. హైస్కూలులో భూగోళం చెప్పి విరమించిన బెంగాలీ పెద్దమనిషి. నేనూ మేష్టరునే అని తెలియగానే "మాస్టర్‌మొశాయ్" అని పిలవడం మొదలుపెట్టారు. స్థలం కొనేముందు నేల చూడాలి, నేల చూసేముందు నీరు చూడాలి, నీరు చూడాలంటే తెల్లవారుజామున లేవాలి అని ఆయన మూడు షరతులు పెట్టి, మరునాడు ఇంకా చీకటి ఉండగానే మమ్మల్ని లేవదీసుకుపోయారు.

దారిలో నేను అడిగిన మొదటి ప్రశ్న, మీరూ అడిగేదే. పడమరన అంత గంగ ఉండగా మురుగు తూర్పుకు ఎందుకు పోతున్నది? ఆయన నవ్వి, కారు అద్దం మీద పట్టిన మంచుమీద వేలితో ఒక గీత గీశారు. నది వేలయేళ్ళుగా ఒండ్రు పోసి తన ఒడ్డును తానే ఎత్తు చేసుకొన్నది. అందుచేత ఊరు గంగ ఒడ్డున ఎత్తుగా ఉండి, తూర్పుకు పోయినకొద్దీ పల్లమవుతుంది. ఇంగ్లీషువాళ్ళు మొదట మురుగును గంగలోకే తోయాలని చూశారు. నేల ఒప్పుకోలేదు. పందొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో విలియం క్లార్కు అనే ఇంజనీరు పథకం ప్రకారం నేల కింద సొరంగాలు కట్టి, ఊరి మురుగునూ వాననీటినీ తూర్పు పల్లానికి మళ్ళించారు. ఆ పల్లంలో అప్పుడు ఉప్పునీటి కయ్యలు ఉండేవి. విద్యాధరి అనే నది సముద్రపు పోటును మోసుకొచ్చి వాటిని నింపేది. రానురాను నదిలో మేట వేసింది, పోటు రావడం తగ్గింది. 1928లో విద్యాధరి చచ్చిపోయినట్లు ప్రభుత్వమే ప్రకటించింది. నదికి మరణ ధ్రువపత్రం ఇవ్వడం నేను అక్కడే విన్నాను.

ఉప్పు చేప పోయింది. కయ్యలు పట్టుకొని బతికేవాళ్ళకు కూడు పోయింది. మిగిలినది ఒక్కటే, పక్కన కాలువలో నల్లగా పోతున్న కలకత్తా మురుగు. 1930 ప్రాంతాలలో కొందరు చెరువు యజమానులు ధైర్యం చేసి ఆ నీటిని గండికొట్టి లోపలికి పెట్టుకొన్నారు. చేపలు చావలేదు సరిగదా, ఎన్నడూ లేనంతగా పెరిగాయి. ఒకరిని చూసి ఒకరు అదే పని చేశారు. ఏ విశ్వవిద్యాలయమూ వాళ్ళకు ఆ విద్య చెప్పలేదు.

మేము వెళ్ళేసరికి వేలం సాగుతున్నది. పొగమంచులో విద్యుద్దీపాల కింద వందలాది మనుషులు. అల్యూమినియం బానల్లో నీళ్ళు, నీళ్ళలో బతికిన చేపలు. బాన మోసుకొచ్చిన మనిషి ఊరికే నిలబడడు, అరచేత్తో నీటిని టపటపా కొడుతూనే ఉంటాడు. ఎందుకంటే ఆ చప్పుడుతోపాటు గాలి నీళ్ళలో కలిసి చేప బతుకుతుంది. చేప చిన్నదే, జానెడు ఉంటుంది. మన రెండు కిలోల శీలావతి ముందు అది నిలవదు. కాని అది పొద్దున్న పట్టిన చేప. కలకత్తాలో రిక్షావాడూ, పాచిపని చేసుకొనే ఆవిడా తినగలిగిన చేప అదే. ఒకామె పది చేపలు కొని కొంగులో మూట కట్టుకొని పోవడం చూశాను.

అక్కడినుంచి కాలువ గట్టు. ఇక్కడ ముక్కు మూసుకోవలసిందే. ఊళ్ళో పంపులు ఎత్తిపోసిన మురుగు కాటుక కరిగినట్లు పారుతున్నది, పైన తెల్లని నురగ. నగరంలో ఇళ్ళనుంచి రోజుకు 75 కోట్ల లీటర్లకు పైగా ఇలా వస్తుందని అంచనా. బావగారు రుమాలు అడ్డుపెట్టుకొని, "మాస్టారూ, మన ఫ్లాటుది కూడా ఇందులో ఉండి ఉంటుంది" అన్నారు. ఉంటుంది మరి.

కాలువ పక్కనుంచి సన్నని పాయ ఒకటి వెదురు తడికెల తలుపులోంచి చెరువులోకి పోతుంది. ఆ చెరువునే వాళ్ళు "భేరీ" అంటారు. మనకు భేరి అంటే నగారా. యుద్ధభేరి మోగించే తెలుగు మేష్టరుకు మురుగు భేరీ కొంత వింతగా తోచడం సహజం. ఇటువంటివి 254 ఉన్నాయని లెక్కకట్టారు. కొన్ని పెద్ద యజమానులవి, కొన్ని ప్రభుత్వానివి, కొన్ని పనివాళ్ళే సహకార సంఘంగా ఏర్పడి నడుపుకొనేవి. మేము చూసినది సంఘంవాళ్ళది.

గట్టు ఎక్కగానే నన్ను ఆశ్చర్యపరచినది ఏదో ఉండడం కాదు, లేకపోవడం. వాసన లేదు. పది బారల అవతల కాలువ కంపు కొడుతున్నది. ఇక్కడ నీరు పచ్చగా, పెసరకట్టులా, నిశ్చలంగా ఉన్నది. గట్టు వెంబడి గుర్రపుడెక్కను వెదురు కర్రలతో పట్టిబంధించి ఉంచారు. మన కాలువల్లో ఆ కలుపును తీయలేక చస్తుంటాము గదా, వీళ్ళు దాన్ని పనిలో పెట్టారు. అలలు గట్టును కోయకుండా ఆపుతుంది, ఎండాకాలంలో చేపకు నీడ ఇస్తుంది, నీటిలోని లోహాలను కొంత పీల్చుకొంటుంది.

సంఘంలో ఒక ముసలాయన మాతో నడిచాడు. తాతల నాటి నుంచి ఇదే పని. చలికాలంలో చెరువును వంతులవారీగా ఎండగడతారు. అడుగు బురద బీటలు వారేదాకా ఎండనిచ్చి, దున్ని, పైబురద తీసి గట్లకు వేస్తారు. అప్పుడు మురుగు పెడతారు. పెట్టి, చేపపిల్ల వేయకుండా రెండు మూడు వారాలు ఊరుకొంటారు. చెరువు లోతు మనిషి నడుముకు మించదు. ఎండ అడుగుదాకా దిగాలి, రహస్యమంతా అదే. మురుగులో ఉన్న మలినాన్ని క్రిములు తింటాయి. క్రిములు వదిలినదాన్ని నాచు తింటుంది. నాచు ఎండ తాగి ప్రాణవాయువు విడుస్తుంది, ఆ వాయువుతో క్రిములు మళ్ళీ తింటాయి. నల్లని నీరు పచ్చబడుతుంది. అప్పుడు కొన్ని చేపపిల్లలను పరీక్షకు వదిలి, అవి బతికితే మిగతావి వదులుతారు. చేప నాచును తిని, అది మితిమీరకుండా చూస్తుంది. తరువాత కొద్దికొద్దిగా, ఆకలి చూసి అన్నం పెట్టినట్లు, మురుగు పెడుతూ పోతారు.

"ఎంత పెట్టాలో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

ఆయన వంగి దోసిట నీళ్ళు తీసి రంగు చూశాడు, వాసన చూశాడు, ఒక చుక్క నాలుక మీద వేసుకొని ఉమ్మేశాడు. "ఇవాళ వద్దు, రేపు" అన్నాడు. బావగారు మొహం అటు తిప్పుకొన్నారు. ఆ నీటిలో వచ్చిన కోలిఫారం క్రిములు బయటకు పోయేనాటికి నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నశిస్తున్నాయని పరీక్షలు చేసినవాళ్ళు రాశారు. ఆ పరీక్ష చేయడానికి వాళ్ళకు ఒక ప్రయోగశాల కావలసివచ్చింది.

నేను తరగతిలో "పంకజం" అన్న మాటను యోగరూఢికి ఉదాహరణగా చెబుతుంటాను. పంకంలో, అంటే బురదలో, పుట్టినది పంకజం. బురదలో పుట్టేవి ఎన్నో ఉన్నా ఆ పేరు ఒక్క తామరకే దక్కింది. చేపకూ, చేమకూ, ఈ ముసలాయన పిల్లల చదువుకూ దక్కలేదు. ఆయన మనుమరాలు నర్సు చదువుతున్నదట.

మీరు వంట్లో బాగాలేనప్పుడు కూడా నవ్వగలిగిన మాట ఒకటి ఆయన అన్నాడు. ఏమిటి మీ కష్టం అని అడిగితే, "మురుగు చాలడం లేదు బాబూ" అన్నాడు. హాస్యం కాదు. కాలువలు మేటవేశాయి, పై భేరీలవాళ్ళకు అందినంత కింది భేరీలకు అందడం లేదు. ఊరేమో మురుగు ఎక్కువైందని ఏడుస్తుంది, ఊరి అంచున మనిషి మురుగు రాలేదని కాలువ వంక చూస్తూ కూర్చుంటాడు.

బురద గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎండగట్టిన భేరీలో తీసిన ఆ బురద గట్టుకు పనికివచ్చినట్లే, నగరాల మురుగుకేంద్రాల్లో అడుగున పేరే బురద వేరొక విధంగా పనికివస్తుంది. గాలి చొరని తొట్టిలో మూసిపెడితే, గాలి అక్కరలేని సూక్ష్మజీవులు దాన్ని తిని మీథేన్ వాయువు వదులుతాయి. మన పల్లెల్లో గోబర్ గ్యాసు సూత్రమే. 1895లోనే ఇంగ్లండులో ఎక్సెటరు పట్టణంవాళ్ళు మురుగుతొట్టి వాయువుతో వీధిదీపాలు వెలిగించారు. చెన్నైలో కోయంబేడు మురుగుకేంద్రం తన బురదలోంచి తీసిన గ్యాసుతో తన యంత్రాలకు కరెంటు చేసుకొంటూ వచ్చింది. ఇండోరులో 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన కర్మాగారం రోజుకు 550 టన్నుల తడిచెత్త పట్టగలదు. దాని గ్యాసు సిటీ బస్సులకు పోస్తారు. మన హైదరాబాదులో బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో కుళ్ళిన టొమాటోలతో, కాబేజీ ఆకులతో కరెంటు తీసి ఆ మార్కెట్టుకే వాడే ఏర్పాటు చేశారు. ఇవి మెచ్చుకోదగిన పనులు, ప్రతి పట్టణంలోనూ జరగవలసిన పనులు.

అయితే మామూలు మురుగుకేంద్రంలో కరెంటు ఖర్చు ఎక్కడవుతుందో గమనించండి. నీటిలోకి గాలి ఊదడానికి. క్రిములకు ప్రాణవాయువు అందడానికి రాత్రింబగళ్ళు మోటార్లు తిరగాలి. ఆ వేలం దగ్గర మనిషి బానలో నీటిని అరచేత్తో కొట్టడం చూశాము గదా, ఆ పనే పెద్ద ఎత్తున. భేరీలో ఆ పని నాచు చేస్తున్నది, కూలి ఎండ ఇస్తున్నది. భేరీ కరెంటు తయారుచేయదు నిజమే. ఒక మహానగరానికి అయ్యే కరెంటును ఖర్చు కానివ్వదు. పైగా ఏడాదికి 10,000 టన్నులకు మించి చేప ఇస్తుంది. లెక్కలు కట్టేవాళ్ళు ఏది గొప్పదో తేల్చుకోవచ్చు. నేను బ్యాంకు ఉద్యోగిని కాను.

మా ఇళ్ళల్లో పెరడు ఉండేది. నూతి దగ్గర స్నానం చేసిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు చిన్న బోదెలో పారి అరటిపాదుకు పోయేవి. మా అమ్మ ఆ నీటికి "మురికి" అన్న మాట వాడినట్లు నాకు గుర్తులేదు. "అరటికి పోయే నీళ్ళు" అనేది. కలకత్తా ఇంటికి వీధివాకిలి గంగ, పెరడు ఈ తూర్పు పల్లం. అది సుమారు 12,500 హెక్టార్లు, అంటే 31,000 ఎకరాల దాకా.

పెరట్లో కూరపాదులు కూడా ఉన్నాయి. భేరీల నుంచి ధాపా వైపుకు వస్తే నూరేళ్ళకు పైగా కలకత్తా చెత్త పోస్తున్న చోటు. పందొమ్మిదో శతాబ్దం చివరలోనే ఇక్కడ చెత్త పోసిన నేలను కౌలుకు ఇచ్చి సేద్యం చేయించారు. జనవరి గనుక క్యాలీఫ్లవరు పువ్వులు పళ్ళేలంత, తోటకూర, పాలకూర మడులు, మధ్యలో నీటిగుంటలు. ఈ ప్రాంతం నుంచి రోజుకు 150 టన్నుల కూర ఊళ్ళోకి పోతుందని అంచనా. వెనుక మాత్రం చెత్తకొండ, దాని మీద గద్దలు, గద్దల మధ్య మనుషులు. ఆనాటి చెత్తలో బూడిద, పేడ, తొక్కలు ఉండేవి, నేల అయ్యేవి. ఈనాటి చెత్తలో ప్లాస్టిక్కు, గాజు. అది నేల కాదు.

ఈ పెరటిలో అంతా బాగున్నదని నేను చెబితే మీరు నమ్మకండి. ఎండ క్రిమిని చంపుతుంది గాని లోహాన్ని చంపలేదు. 1996లో సుప్రీంకోర్టు ఆజ్ఞ ప్రకారం ఊళ్ళోని తోళ్ళ కర్మాగారాలను తరలించినది ఈ భేరీల పక్కనున్న బంతాలాకే. తోలు పదునుచేసే క్రోమియం నీటిలో కలిస్తే నాచుకూ గుర్రపుడెక్కకూ అది మించిన పని. భూగోళం మేష్టరుగారు ఈ మాట దాచలేదు. ఊరి వంటింటి మురుగు వేరు, కర్మాగారం మురుగు వేరు. రెంటినీ ఒక కాలువలో కలిపినవాడు పెరటిలో విషం పోసినవాడే అన్నారు. నాకూ అదే సబబుగా తోచింది. చేపను బాగా ఉడికించి తింటే క్రిమిభయం పోతుంది. క్రోమియానికి ఆ మందు లేదు.

ఇదంతా కాగితం మీదికి ఎక్కించిన మనిషి ధ్రువజ్యోతి ఘోష్. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంలో ఇంజనీరు. ఈ మురుగుతో ఏమైనా ప్రయోజనం ఉంటుందేమో చూడమని 1980 తొలి సంవత్సరాలలో ఆయనను పురమాయిస్తే, కాలువ వెంట నడుచుకొంటూ ఇక్కడికి వచ్చి, తాను కట్టవలసినది అప్పటికే కట్టి ఉన్నదని గ్రహించాడు. పటాలు గీశాడు, పనివాళ్ళ విద్యను రాశాడు, జీవితాంతం దీనికోసం పోట్లాడాడు. 2018లో పోయాడు. పోట్లాట ఎందుకంటే, ఈ పల్లానికి ఉత్తరాన ఉన్న ఉప్పుకయ్యలను 1962 నుంచి గంగ ఇసుకతో పూడ్చి సాల్ట్ లేక్ నగరం కట్టారు. మిగిలినదాని మీద కూడా కన్నుపడింది. ఊళ్ళో ఒక పౌరసంఘం దావా వేస్తే 1992లో కలకత్తా హైకోర్టు ఈ నేలను పూడ్చరాదని తీర్పు చెప్పింది. 2002 ఆగస్టు 19న అంతర్జాతీయ రామ్సర్ జాబితాలో చేర్చారు. 2006లో ప్రత్యేక చట్టం వచ్చింది.

2002 ఆగస్టు 19 అనగానే నేను ఆగిపోయాను. మా కొల్లేరును అదే జాబితాలో చేర్చినదీ అదే రోజున. ఒకే రోజు పట్టాభిషేకం జరిగిన ఇద్దరు రాజుల కథలు వేరువేరుగా నడిచాయి. కొల్లేరులో చెరువు గట్లు సరస్సును కోసి ముక్కలు చేశాయి. 2006లో ప్రభుత్వం గట్లను పేల్చి, తవ్వి, తొలగించవలసివచ్చింది. కలకత్తాలో గట్లు ఉన్నందువల్లనే సరస్సు మిగిలింది. అక్కడ గట్టు శత్రువు, ఇక్కడ గట్టు కాపలావాడు. మా చెరువులకు తవుడు కొనిపోస్తాము. వీళ్ళకు మేత ఊరే పంపుతున్నది. మా ఏలూరు మురుగూ, గుడివాడదీ, బుడమేరు మోసుకొచ్చే బెజవాడదీ కొల్లేటికే చేరుతుంది. దానికి ఎదురువెళ్ళి, వాసన చూసి, ఇవాళ వద్దు రేపు అని చెప్పే ముసలాయన మాకు లేడు.

పది గంటలకు స్థలం దగ్గరకు వెళ్ళాము. మధ్యవర్తి మోటారుసైకిలు మీద ముందే వచ్చి నిలబడ్డాడు. ఫోటోలో గడ్డి ఉన్నది, కొబ్బరిచెట్టు ఉన్నది. భూగోళం మేష్టరుగారు చెప్పులు విడిచి గడ్డిలోకి దిగి కాలితో నేల తట్టారు. పైన ఇటుకముక్కలు, సున్నపుపెళ్ళలు, పడగొట్టిన ఇళ్ళ రద్దు. దాని కింద నల్లగా బీటలువారిన మన్ను, నత్తగుల్లలు. ఒక మూల నేలలోంచి వెదురు తడికె ముక్క తల ఎత్తి ఉన్నది. అటువంటి తలుపునే మూడు గంటల కిందట చూసి వచ్చాము.

"ఇది చెరువు గదయ్యా" అన్నారు బావగారు.

"ఉండేది సార్" అన్నాడు మధ్యవర్తి, చాలా మర్యాదగా. "పూడ్చిన తరువాత ఇక చెరువెక్కడుంటుంది?"

కాగితాల్లో ఏమని ఉన్నదని అడిగితే, అది మార్పించే బాధ్యత తనదే అన్నాడు. ఇటుపక్క నాలుగు స్థలాలు అమ్ముడయ్యాయట, కొన్నవాళ్ళలో ఒక డాక్టరు, ఒక ప్రొఫెసరు కూడా ఉన్నారట. ప్రొఫెసరు అన్నప్పుడు నా వంక చూశాడు. నా వాటా ఈ నేలలో పడదని నేను అక్కడే బావగారితో తెలుగులో చెప్పాను. ఆయన మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళ నౌకరీ తరువాత ఒక గూడు కావాలనుకోవడం తప్పు కాదు, ఆ ఊళ్ళో బైపాస్ మీద ధరలు ఆయనకు అందేవి కావు. దారిలో రెండుసార్లు "చట్టం ఉన్నదంటున్నారుగా, మరి ఆ నలుగురు ఎలా కొన్నారు?" అన్నారు. భూగోళం మేష్టరుగారు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు.

దిగేముందు ఆయన సంచీలోంచి ఒక చిన్న అల్యూమినియం గిన్నె తీసి నా చేతికిచ్చారు. వేలంలో ఎప్పుడు కొన్నారో ఏమో, మూడు చేపలు. దారి పొడుగునా చేత్తో నీటిని కొడుతూనే ఉన్నారన్నది అప్పుడు గ్రహించాను. చప్పుడు కారు ఇంజనుదనుకొన్నాము.

అక్క తలుపు తీసి గిన్నెలోకి తొంగిచూసింది. చేప ఒకటి తోక విదిలించి ఆమె చీర మీద నీళ్ళు చిమ్మింది. "అయ్యో, ఇది బతికే ఉన్నదిరా" అని ఒక అడుగు వెనక్కు వేసింది. ఐసులో పడుకొని వచ్చిన చేపలను ముప్ఫై ఏళ్ళు తరిగిన మనిషి. ఎక్కడిదని అడగలేదు, వాసన చూసింది. తరువాత బావగారి వైపు తిరిగి, "స్థలంవాడితో ఏమన్నారు?" అన్నది.

"ఆలోచించుకొని చెబుతామన్నాను."

"ఏమిటి ఆలోచించేది? అందులో సగం మా నాన్న పొలం నాకిచ్చిన సొమ్ము" అంటూ అక్క గిన్నె తీసుకొని వంటింట్లోకి పోయి, కత్తిపీట వాల్చుకొని కూర్చున్నది.